పిస్టన్లకు పింగాణీ పూత, ఊరేగింపులో కాగే బండి

ముందుగా

షెడ్డు మూసి ఇంటిపట్టున కూర్చున్నాక నా దగ్గరికి బండ్లు రావడం మానేశాయి గానీ పిల్లలు రావడం మానలేదు. జనగామలో డీజిల్ పని నేర్చుకునే పోరగాళ్ళు ఇప్పుడు ఫోన్లో ఏదో వీడియో చూసి పరుగెత్తుకొస్తారు. “తాతా, పిస్టన్ల మీద పింగాణీ లెక్క పూత ఏపిస్తే ఇంజన్ కాగదట. ఏపియ్యాల్నా, వద్దా?” అంటారు. ఔననో కాదనో ఒక్క ముక్కలో చెప్పేసి టీ తాగి పంపేయవచ్చు. కానీ ఆ జవాబు కోసం నేను జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఆవిరి పీల్చుకుంటూ పోయాను. వాళ్ళు మాత్రం మెత్తటి కుర్చీలో కూర్చుని ఊరికే ఎత్తుకుపోతామంటే ఎలా? అందుకే మొత్తం వినిపిస్తాను.

నేను బడికి పోయింది నాలుగో తరగతి వరకే. కాబట్టి ఇందులో లెక్కలు, పట్టికలు ఉండవు. చేత్తో తడిమి చూసినవి, చెవితో విన్నవి, ముక్కుతో వాసన పట్టినవి ఉంటాయి. మనుషులు ఏమన్నారో మాత్రం పొల్లు పోకుండా చెప్పగలను. ఇంట్లో వాళ్ళకు నా మీదున్న ఫిర్యాదు కూడా అదే.

మసిగుడ్డ సంగతి

ఈ పూతను మా షెడ్డుల్లో పింగాణీ పూత అనేవాళ్ళం. కోడిగుడ్డు పెంకులా తెల్లగా, కాస్త గరుకుగా ఉంటుంది. ముందు పిస్టన్ నెత్తిని ఇసుకతో కొట్టి గరుకు చేస్తారు. దాని మీద బాగా అతుక్కునే లోహపు పొర ఒకటి చల్లుతారు. ఆపైన పింగాణీ జాతి పొడిని మన ఊహకందని మంటలో కరిగించి చల్లుతారు. అంతా కలిపితే కొన్ని వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి పేర్చినంత మందం. విమానం ఇంజన్లలో మంట మధ్య తిరిగే రెక్కలకు ఈ పూత లేకపోతే బతుకు లేదంటారు. అక్కడ వేయించాలా వద్దా అనే చర్చే లేదు. చర్చంతా మన లారీ దగ్గర, మన ట్రాక్టర్ దగ్గర.

ఇదెలా పనిచేస్తుందో నాకు మా వంటింట్లో అర్థమైంది. మసిగుడ్డతో పట్టుకుంటే అన్నం గిన్నె చెయ్యి కాల్చదు. అలాగని పొయ్యి చల్లారిందా? లేదు. గిన్నెలో వేడి తగ్గిందా? అదీ లేదు. చెయ్యి మాత్రం బతికింది. పిస్టన్‌కు ఈ పూత అలాంటి మసిగుడ్డ. మంట వేడి లోహంలోకి దిగకుండా కొంత ఆపుతుంది. ఆగిన వేడి ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. అందులో కొంచెం పిస్టన్‌ను తోయడానికి పనికొస్తుంది, ఎక్కువ భాగం పొగతో పాటు బయటికి పోతుంది. పొగ ఊపుతో తిరిగి లోపలికి గాలి నెట్టే టర్బో ఉన్న ఇంజన్ అయితే ఆ వేడి పోతూ పోతూ టర్బోను తిప్పుతుంది, అంతో ఇంతో లాభం. టర్బో లేని పాత ఇంజన్‌లో ఆ వేడి గాలిపాలు. పైగా లోపలి గోడలు ఎప్పుడూ కాగి ఉంటే లోపలికొచ్చే గాలి ఉబ్బిపోయి తక్కువ పడుతుంది. ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కునే అత్తగారి లాంటి వ్యవహారం.

జఫర్‌గఢ్ పూత

ఈ పూత గురించి నేను ఒకసారి షెడ్డులో గొప్పగా చెబుతుంటే జఫర్‌గఢ్ మల్లయ్య అనే రైతు విన్నాడు. ఆయన ట్రాక్టర్ సైలెన్సర్‌కు చెయ్యి తగిలి అప్పటికే కాలింది.

“ఇంత పింగాణీకి హైదరాబాద్ దాక ఎందుకే యాకన్నా? మా ఊళ్ళె కుమ్మరాయన లేడా?” అన్నాడు.

హాస్యానికన్నాడనుకున్నాను. మరుసటి వారం చూస్తే సైలెన్సర్ నిండా బంకమట్టి, వరిగడ్డి, పేడ కలిపి పూయించుకుని వచ్చాడు. నున్నగా, కొత్త కుండలా ఉంది. నాకే ముద్దొచ్చింది. మల్లయ్య మురిసిపోతూ బండి తీశాడు. షెడ్డు ముందు మలుపు దాటకముందే పెళ్ళలు పెళ్ళలుగా ఊడడం మొదలైంది. వెనక ట్రాలీలో కూర్చున్న ఆయన భార్య ఐలమ్మ నాకు వినపడేట్టు అరిచింది:

“మా ఆయన తొవ్వ పొడుగూత పెంకులు రాల్సుకుంట పోతుండు యాకన్నా! దారి తప్పితే అవి ఏరుకుంట మళ్ళొస్తం తియ్!”

నవ్వకండి. ఆ పెళ్ళల్లో ఈ విద్యలో సగం పాఠం ఉంది. లోహం వేడెక్కితే సాగుతుంది, మట్టి దానితో పాటు సాగదు. ఇద్దరి మధ్యా సర్దిచెప్పే పొర ఒకటి లేకపోతే సంసారం నిలవదు. పిస్టన్ మీద కూడా అంతే. ఎవరైనా మీకు ఆ మధ్యపొర లేకుండా చౌకగా చేసిస్తానంటే మల్లయ్య సైలెన్సర్‌ను తలుచుకుని దండం పెట్టి వచ్చేయండి. పైగా సైలెన్సర్ పెళ్ళలు రోడ్డు మీద పడతాయి. పిస్టన్ పెళ్ళలు ఎక్కడ పడతాయో ఆలోచించుకోండి.

బీమ్లా బండి

ఇక అసలు కథ. తెలంగాణ కోసం ఊరూరా ఉద్యమం నడుస్తున్న రోజులవి. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి రోడ్డు మీదే వంటావార్పు. సరుకు కదలదు, లారీలన్నీ నిలబడ్డాయి. అలాంటప్పుడు కూడా బతికినవి ఊరేగింపుల్లో తిరిగే బండ్లు మాత్రమే.

నెల్లికుదురు దగ్గర తండాలో బీమ్లా అని ఒకడుండేవాడు. ఎడ్లు, వాళ్ళమ్మ వెండి కడియాలు అమ్మి డీసీఎం వ్యాను కొన్నాడు. దానికి ఆ రోజుల్లో ఉన్న ఒకే ఒక్క కిరాయి కళాబృందానిది. పాటగాళ్ళు, డప్పులు, మైకులు, జనరేటర్, అన్నీ ఆ వ్యాన్‌లోనే ఊళ్ళు తిరిగేవి. ఆ కిరాయి ఇప్పించింది మండల ఉద్యమ కమిటీ అధ్యక్షుడు. భూములున్న పెద్దమనిషి, అందరూ ఆయన్ను పటేల్ అనేవారు.

చిక్కేమిటంటే ఆ బండి ఊరేగింపులో కాగిపోయేది. జనం మధ్య నినాదాలు ఊపందుకుంటాయి, సరిగ్గా అప్పుడే బండి ఆవిరి కక్కుకుని ఆగిపోతుంది. పటేల్ బీమ్లాను షెడ్డుకు వెంటబెట్టుకొచ్చి నా ముందే చెప్పాడు:

“ఏం యాకయ్యా, గీ బండిని జర మంచిగ జెయ్యి. ఇంకొక్కపారి జనంల నా ఇజ్జత్ తీసిందనుకో, జనగామల వేరే వ్యాన్ మాట్లాడి పెట్టిన. ఇగ బీమ్లాను పిలిచేది లేదు.”

పటేల్ జీపు మలుపు తిరిగాక బీమ్లా, “అన్నా, గీ కిరాయి పోతే బండి అమ్ముకునుడే. మా యాడికి కడియాలు మళ్ళ చేపిస్తనని మాటిచ్చిన,” అన్నాడు. యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ.

రేడియేటర్ విప్పి కడిగాను. వాటర్ పంపు మార్చాను. ఫ్యాన్ బెల్టు బిగించాను. హెడ్డు విప్పి గాస్కెట్ మార్చాను. సరుకేసి పెంబర్తి దాకా తోలి చూస్తే వేడి చూపే ముల్లు కదలదు. చల్లగా, పెళ్ళికూతురిలా బుద్ధిగా నడుస్తుంది. తిరిగి ఊరేగింపుకు పోతే మళ్ళీ ఆవిరి. నా సర్వీసులో నీళ్ళు లేక కాగే బండిని చూశాను, ఎత్తు ఎక్కితే కాగే బండిని చూశాను. ఉద్యమంలో మాత్రమే కాగే బండిని అదే చూడటం.

షెడ్డులో మిగతా వాళ్ళు నా మీద పడి నవ్వారు. “యాకన్నా, అది గుడ సమ్మెల ఉన్నదేమో, డిమాండ్లు అడుగు,” అన్నారు.

సుధాకర్ చెప్పిన మాట

పింగాణీ పూత ఆలోచన పటేల్‌దే. ఎవరో ఆయనకు రాకెట్లకు వేసే పూత లారీ పిస్టన్లకు కూడా వేస్తున్నారని చెప్పారు. “రాకెటే కాగంది, డీసీఎం కాగుతదా? ఏపియ్, ఖర్చు కమిటీది,” అన్నాడు.

మానుకోట పిల్లవాడు సుధాకర్ హైదరాబాదులో ఆ పూతలు వేసే షెడ్డు నడుపుతున్నాడు. మానుకోట అంటే మహబూబాబాదే, మా వైపు అలాగే అంటాం. ఇంజనీరింగ్ చదివాడు, పనిలో నిజాయితీ ఉన్నవాడు. పిస్టన్లు పట్టుకుని పోతే చేతిలో తిప్పి చూసి అడిగాడు:

“ఎందుకేపిస్తున్నవే అన్నా?”

“బండి కాగుతున్నది.”

“దానికి మందు గిది గాదు. నా పూత పిస్టన్‌ను కాపాడుతది. నీళ్ళల్లకు దిగే వేడి కొద్దిగ తగ్గుతది. గని నీళ్ళల్ల ఉన్న వేడి బయటికి పోతలేదనుకో, నేను బంగారం పూసినా లాభం లేదు. ఏస్త, మంచిగనే ఏస్త. తర్వాత నన్ను తిట్టకు.”

అంత స్పష్టంగా చెప్పాడు. సరుకు అమ్ముకునేవాడు తన సరుకు మీకు అక్కర్లేదని చెబితే ఆ మనిషిని జీవితాంతం వదలకండి. అతని మాట పటేల్‌కు చేరవేస్తే, “చిన్నపోరడు, వానికేం తెలుసు వాని పూత గొప్ప!” అన్నాడు.

పిస్టన్లు తెల్లటి టోపీలు పెట్టుకుని వచ్చాయి. బిగించాను. భూపాలపల్లిలో బొగ్గు బాయి కార్మికులు సమ్మెలో ఉన్నారు, వాళ్ళ దగ్గరికి కళాబృందం పోవాలి. ఈసారి నేనే బండెక్కాను. రోగం పుట్టేచోటే నాడి పట్టాలని.

పొయ్యి ఆరిపోయిన చోట

పటేల్ జీపులో ముందుపోయాడు. మేము వెనక. క్యాబిన్‌లో బీమ్లా, నేను, కళాబృందంలో పెద్ద గొంతున్న సమ్మక్క. ఆమె పాడితే మైకు దండగ. మాట్లాడితే ఎదుటి మనిషి దండగ.

హనుమకొండ దాటకముందే ముల్లు ఎర్రగీత వైపు నడిచింది. బీమ్లా మొహం అంతకంటే ముందే ఎర్రబడింది.

“ఏంది యాకన్నా, రాకెట్ పైకి లేస్తున్నదా?” అంది సమ్మక్క.

ఆపి చల్లార్చాం. రేడియేటర్‌కు నీళ్ళు పోసే డబ్బా క్యాబిన్ వెనకే ఉంది, అందులో పోశాం, బండి ముందుకు పోయే పనే పడలేదు. పరకాల దగ్గర మళ్ళీ అదే తంతు. నేను సుధాకర్‌ను తిట్టుకోలేను, అతను ముందే చెప్పాడు. నన్ను నేను తిట్టుకున్నా బండి చల్లారదు. బీమ్లా స్టీరింగ్‌కు నుదురు ఆనించి, “అన్నా, నా పని ఖతం,” అన్నాడు.

రేగొండ దాటాక రోడ్డు మీద వంటావార్పు ఏర్పాటయింది. నడిరోడ్డున మూడు రాళ్ళు పెట్టి, పెద్ద గుండిగ ఎక్కించి, వచ్చిపోయేవాళ్ళతో సహా అక్కడే వండుకుని తినడం. రోడ్డూ బంద్, కడుపూ నిండు. అంత రుచికరమైన నిరసన ఇంకో దేశంలో ఉందో లేదో నాకు తెలియదు. ఆ రోజు మాత్రం చేలమీంచి విసురుగాలి. పొయ్యి అంటుకుంటుంది, ఆరిపోతుంది. పప్పు ఉడకదు, జనం తిట్టుకుంటున్నారు.

సమ్మక్క చుట్టూ చూసింది. బండి ముందుభాగానికి పటేల్ ఫ్లెక్సీ కట్టి ఉంది. నిలువెత్తు బొమ్మ, చేతులు జోడించి, వెనక తెలంగాణ పటం.

“గాలికి అడ్డం గది గట్టుర్రి,” అంది.

బీమ్లా బెదిరిపోయాడు. “అక్కా, పటేల్ చూస్తే చంపుతడు.”

“పటేల్ భూపాలపల్లిల ఉన్నడు. ఆకలి ఈడ ఉన్నది. ఇప్పురా!”

ఫ్లెక్సీ విప్పి రెండు కట్టెలకు కట్టి పొయ్యికి అడ్డం నిలబెట్టారు. పటేల్ మా పప్పుకు కావలి కాశాడు. మంట నిలిచింది, అన్నం ఉడికింది. తినేసరికి ఆయన చొక్కాకు మసి, గడ్డానికి పప్పు అంటుకున్నాయి. బీమ్లా వాటిని తడిగుడ్డతో పసిబిడ్డకు తుడిచినట్టు తుడిచాడు. తడి ఆరలేదని వ్యాన్ లోపల తాడు మీద ఆరేశాడు.

బయల్దేరాం. ముల్లు సగం దగ్గర ఆగింది. ఎత్తు వచ్చింది, ముల్లు కదల్లేదు. జనం మధ్య మెల్లగా పోనిచ్చాం, కదల్లేదు. బీమ్లా నా వైపు చూశాడు, నేను ముల్లు వైపు చూశాను.

“పూత ఇప్పుడు పట్టుకున్నదా అన్నా?”

“పట్టుకున్నట్టే ఉన్నది,” అన్నాను గర్వంగా. “కొత్త మందు గదా, ఒంటికి పట్టనీకె టైం పడతది.”

పిల్లలారా, మెకానిక్ నోటివెంట ఇలాంటి మాట వచ్చిందంటే అతనికి సంగతి తెలియలేదని అర్థం. ఎదుటివాడు నమ్మేస్తాడు, అదే ప్రమాదం. బీమ్లా ఆనందం పట్టలేక పటేల్‌కు ఫోన్ కొట్టి చెప్పేశాడు.

ఇంజన్ విప్పితే కనబడింది

కథ మధ్యలో ఆపుతున్నందుకు మా ఇంట్లో అయితే చీపురు లేచేది. కానీ పూత ఏం చేసిందో ఇక్కడే చెప్పాలి, లేకపోతే తర్వాత మీరు నవ్వులో పడి వినరు.

ఆ ఇంజన్‌ను కొన్నేళ్ళ తర్వాత మామూలు పనికోసం నేనే విప్పాను. పిస్టన్ల నెత్తిన పూత చాలావరకు నిలిచే ఉంది. కింద లోహం మీద పగుళ్ళు లేవు. రింగుల గాడుల్లో నూనె మాడి గట్టిపడటం కూడా అలాంటి బండ్లలో నేను చూసేదానికంటే తక్కువే. అంటే మసిగుడ్డ తన పని తాను చేసింది. ఒక పిస్టన్‌కు మాత్రం అంచున గోరంత పెచ్చు లేచింది. ఆ పెచ్చు చూసి వెంటనే సిలిండర్ గోడ తడిమాను. సన్నటి గీతలు చేతికి తగిలాయి. ఇంకొంతకాలం నడిచి ఉంటే నూనె తాగడం మొదలుపెట్టేది.

డీజిల్ ఆదా అయిందా అని అడుగుతారు. బీమ్లా అయిందన్నాడు, వాళ్ళ తమ్ముడు కాలేదన్నాడు. ఇద్దరూ తోలింది అదే బండి. అందుకని దాని గురించి నేను ఒట్టు పెట్టను.

పూత వల్ల నాకు నిజంగా నచ్చిన లాభం భూపాలపల్లిలోనే వేరేచోట చూశాను. బొగ్గు మోసే టిప్పర్లవాడు ఒకాయన పిస్టన్ల జోలికి పోకుండా పొగ బయటికొచ్చే మానిఫోల్డుకు, టర్బో గుల్లకు పూత వేయించాడు. ఆ బండ్లు రోజంతా నిండు బరువుతో ఎత్తెక్కుతాయి. చుట్టూ బొగ్గు దుమ్ము, నూనె పైపులు, వైర్లు. పూత తర్వాత క్యాబిన్‌లో డ్రైవర్ కాళ్ళు కాలడం తగ్గింది, వైర్లు మాడి పెళుసెక్కడం తగ్గింది. అక్కడ పెచ్చు ఊడినా సిలిండర్‌లో పడే భయం లేదు. డబ్బుకు తగ్గ పని అంటే అది.

కాబట్టి నా తీర్పు ఇది. ఇంజన్ ఆరోగ్యంగా ఉండి, ఎప్పుడూ బరువు మీదే నడిచేదై, పూసే చెయ్యి మంచిదైతే పిస్టన్లకు వేయించండి. పొగగొట్టం వైపు అయితే ఇంకా ధైర్యంగా వేయించండి. సొసైటీకి ధాన్యం తోలి మిగతా ఏడాదంతా చెట్టుకింద నిలబడే ట్రాక్టర్‌కు వద్దు. రోగమేమిటో తెలియని బండికి అసలే వద్దు.

భూపాలపల్లి మలుపు

ఊరి పొలిమేరలో ఫ్లెక్సీ మళ్ళీ కట్టాం. పటేల్ చూడాలి కదా. కార్మికుల క్వార్టర్ల వైపు తిరిగే మలుపు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. పటేల్ అప్పటికే మైకు పట్టుకుని ఉన్నాడు. బీమ్లా ఫోన్ ఆయన మీద బాగా పనిచేసింది.

“మన కళాబృందం బండి వస్తున్నది! అది మామూలు బండి గాదు, రాకెట్ పూత ఏసిన బండి! మన ఉద్యమం లెక్కనే, ఎంత దూరమైనా ఆగేది లేదు!”

జనం చప్పట్లు కొట్టారు. డప్పులు మోగాయి. సమ్మక్క గొంతెత్తింది. ముల్లు ఎర్రగీత దాటింది. మలుపులో, చప్పట్ల మధ్య, బండి బుస్సుమని ఆగిపోయింది. ఫ్లెక్సీ అంచుల్లోంచి, పటేల్ చెవుల రెండు పక్కలా ఆవిరి లేచింది.

క్వార్టర్ల గోడమీద కూర్చున్న ఒక కార్మికుడు, “అరె, పటేల్‌కు కోపమొచ్చిందిరో!” అన్నాడు. ఇక చూడండి, డప్పులు కూడా నవ్వాయి.

పటేల్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. “బీమ్లా! సామాన్లు దింపు. జనగామ వ్యాన్‌కు ఫోన్ జేస్తున్న. నీకు, నీ బండికి ఓ దండం!”

నేను కిందికి దిగి మొదటిసారి బండికి ఎదురుగా నిలబడ్డాను. బండి నిలబడ్డా ఇంజన్ ఇంకా తిరుగుతోంది. లోపలి ఫ్యాన్ గాలిని లాగుతుంటే ఫ్లెక్సీ బండి ముందరి జాలీకి అతుక్కుపోయి ఉంది. నిండుగా ఉండే పటేల్ బుగ్గలు రెండూ లోపలికి పీక్కుపోయి, కల్లు ముంతను చివరి చుక్కదాకా జుర్రుతున్నట్టున్నాయి. దాని వెనకే రేడియేటర్. ఒక్క పోగు గాలి లోపలికి పోయే దారి లేదు.

పొద్దున్నుంచి ఆ ఫ్లెక్సీని అందరం చూస్తూనే ఉన్నాం. ఆ రోజుల్లో ఫ్లెక్సీ లేని బండే లేదు, దాన్ని బండిలో ఒక భాగమనుకునేవాళ్ళం. షెడ్డుకు తెచ్చేటప్పుడు మాత్రం పటేల్ బొమ్మకు గ్రీజు అంటకూడదని బీమ్లా భక్తిగా విప్పి, మడిచి, ఇంట్లో దాచి వచ్చేవాడు. అందుకే నా దగ్గర బండి ఎప్పుడూ కాగలేదు. రేగొండ దాటాక ఫ్లెక్సీ తాడు మీద ఆరినంతసేపూ కాగలేదు. పొయ్యికి గాలి తగలకుండా కాపాడిన గుడ్డే రేడియేటర్‌కూ గాలి తగలకుండా కాపాడింది. తనకు అప్పగించిన పని రెండుచోట్లా శ్రద్ధగా చేసింది పాపం.

బీమ్లా చెవిలో చెప్పాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

“అన్నా, నీ కాళ్ళు మొక్కుత, గా మాట పటేల్‌తోని అనకు. బండి ఖరాబని తిడితే పడతా. ఆయన బొమ్మ వల్ల ఖరాబైందంటే జన్మల నా మొఖం సూడడు.”

నిజమే. మెకానిక్‌లకు చెప్పేదొకటుంది. రోగం కనిపెట్టడం పనిలో సగమే. దాన్ని యజమానికి ఎలా చెప్పాలన్నది మిగతా సగం, అది ఏ షెడ్డులోనూ నేర్పరు. నా పక్కనే నిలబడి మొత్తం విన్న సమ్మక్క పటేల్ ఎదుటికి పోయింది.

“పటేలా, జర నీ బొమ్మ దిక్కు సూడు.”

“ఏమైందే?”

“బుగ్గలెట్ల పీక్కపోయినయో సూడు. బాయి పని జేసేటోళ్ళ ముందుకు గిట్ల ఉపాసమున్న మొఖమేసుకొని వస్తవా? మీద కట్టిపియ్యి. క్యాబిన్ మీద నిలవెడితే నిండుగ, ఎత్తుగ, ఊరంతటికి కనవడ్తవ్.”

పటేల్ తన బొమ్మ వైపు చూశాడు. చేయి తెలియకుండానే సొంత బుగ్గ మీదికి పోయింది.

“మీద గట్టుర్రి!” అన్నాడు.

మేము పైకి ఎక్కించాం, నీళ్ళు పోశాం. ఊరేగింపు మళ్ళీ కదిలింది. క్వార్టర్ల సందుల్లో నత్తలా పాకినా, జనరేటర్ మోగుతున్నా, ముల్లు సగం దాటలేదు. పైన పటేల్ బుగ్గలు నిండుగా గాలికి రెపరెపలాడాయి. జనగామ వ్యాన్ కోసం ఫోన్ చేయడం ఆయన మరిచిపోయాడు.

ఊరేగింపు అయ్యాక కార్మికుల ఇళ్ళ ముందు అందరికీ విస్తళ్ళు వేశారు. నేను, బీమ్లా, సమ్మక్క ఒకే వరస. పటేల్ వచ్చి మా ఎదుటే కూర్చున్నాడు. కలిపిన ముద్ద విస్తట్లో పక్కకు పెట్టి నన్ను అడిగాడు.

“యాకయ్యా, బొమ్మ మీదికెక్కినంక బండి కాగలే. ఎందుకంటవ్?”

“పూత కుదురుకున్నది పటేలా.”

“నన్ను ఎడ్డోన్ని జేస్తున్నవా? బాయి కాడ కరెంటు మోటర్ మీద గోనెసంచి కప్పితే కాలిపోతదని మా జీతగానికి చెప్పింది నేనే. నా మొఖమే గాలికి అడ్డమైందని సక్కగ చెప్తే నేను వినకపోదునా?”

నేను పచ్చిపులుసు ఇంకాస్త పోయించుకున్నాను.

“వినకపోదువు పటేలా,” అంది సమ్మక్క.

పటేల్ ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆయన భుజాలు ముందు కదిలాయి, నవ్వు తర్వాత వచ్చింది. నోట్లో ముద్ద లేదు కాబట్టి సరిపోయింది గానీ పొలమారి చచ్చేవాడు.

“బీమ్లా,” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ, “రేపు పొద్దుగాల మానుకోట పోవాలె. డీజిల్ పోయించుకో.”

బీమ్లా లేచి నిలబడ్డాడు. సంతోషంలో వాడికి బుద్ధి పనిచేయలేదు, అడగకూడనిది అడిగేశాడు.

“ఫ్లెక్సీ ఏడ గట్టాలె పటేలా?”

“నీ ఇష్టమున్న కాడ గట్టు. ఊపిరి పీల్చుకునే కాడ మాత్రం గట్టకు.”